అనంతపురం నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు? మూడు లెక్కల్లో ఏది నిజం

నన్ను ఒకాయన అడిగిన సందేహం క్లుప్తంగా ఇది. అనంతపురంలో ఉండే వాళ్లమ్మకు 64 ఏళ్లు. మొదటిసారి విమానం ఎక్కి, ఒంటరిగా, డాలస్‌లో కూతురి దగ్గరికి పోతోంది. ఫోన్‌లో చూస్తే దూరం 14,800 కి.మీ పైచిలుకు. గంటకు 900 చొప్పున పదహారున్నర గంటలు రావాలి. టికెట్‌లో మాత్రం జూన్ 10 తెల్లవారుజామున 4:15కి బెంగుళూరులో ఎక్కి, దుబాయ్‌లో మారి, అదే రోజు సాయంత్రం 5కి డాలస్‌లో దిగినట్టు ఉంది. అంటే 12 గంటల 45 నిమిషాలు. దాని పక్కనే 23 గంటల 15 నిమిషాలు అని ఇంకో అంకె. తిరుగు టికెట్ చూస్తే నవంబర్ 20 సాయంత్రం 7కి ఎక్కి 22వ తేదీ తెల్లవారుజామున 3:45కి బెంగుళూరు. పోయేటప్పుడు సగం రోజు, వచ్చేటప్పుడు రెండు రోజులా? బెంగుళూరు కాకుండా హైదరాబాద్ నుంచి పోతే దూరం తగ్గుతుందా?

నేను అనంతపురంలోనే 17 ఏళ్లుగా టికెట్లు బుక్ చేసే పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న నెలకు నాలుగైదు సార్లు వింటాను. ఎక్కువగా అడిగేది పిల్లల్ని అమెరికా పంపినవాళ్లు కాదు, అమ్మానాన్నల్ని పంపేవాళ్లు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు గంటల సంగతి. మీ టికెట్‌లో నిజమైన అంకె 23 గంటల 15 నిమిషాలు. 12:45 అనేది ప్రయాణం కాదు, ఎక్కేటప్పుడు ఒక ఊరి గడియారం, దిగేటప్పుడు ఇంకో ఊరి గడియారం చూసి తీసేస్తే వచ్చిన అంకె. విమానం టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. బెంగుళూరులో 4:15 మన టైమ్, దుబాయ్‌లో దిగే 6:45 దుబాయ్ టైమ్, డాలస్ 5 గంటలు డాలస్ టైమ్. మూడూ మూడు గడియారాలు, ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే తప్పు లెక్కే వస్తుంది. ఒక కాగితం తీసుకుని అన్నీ మన టైమ్‌లోకి మార్చి రాసుకోండి, తేటగా కనిపిస్తుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అమ్మ 4:15కి బయల్దేరి మన టైమ్ 8:15కి దుబాయ్‌లో దిగుతుంది. మూడు గంటలు అక్కడ. మన టైమ్ 11:15కి రెండో విమానం కదులుతుంది. 16 గంటల 15 నిమిషాలు ఎగిరి డాలస్‌లో దిగేసరికి మీ ఇంట్లో గోడ గడియారం 11వ తేదీ తెల్లవారుజాము మూడున్నర చూపిస్తుంది. అక్కడ మాత్రం ఇంకా పదో తేదీ సాయంత్రం 5.

తిరుగు ప్రయాణం కూడా ఇట్లే. రెండు రోజులేం పట్టదు. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మళ్లీ మార్చి రెండో ఆదివారం ముందుకు జరుపుతారు. అందుకని నవంబర్ 20కి డాలస్‌కీ మనకీ తేడా పదకొండున్నర గంటలవుతుంది. అక్కడ 20వ తేదీ సాయంత్రం 7 అంటే మనకు 21వ తేదీ ఉదయం ఆరున్నర. ఆరున్నరకు బయల్దేరిన మనిషి మర్నాడు తెల్లవారుజామున 3:45కి బెంగుళూరులో దిగుతోంది. 21 గంటల 15 నిమిషాలు. పోయేటప్పటికంటే రెండు గంటలు తక్కువే.

ఆ రెండు గంటల్లో ఎక్కువ భాగం ఎక్కడ తగ్గిందంటే గాలిలో. తొమ్మిది నుంచి పన్నెండు కి.మీ ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ఉధృతంగా వీస్తుంది. గంటకు 150 కి.మీ మామూలే, చలికాలంలో 300 దాటిన రోజులూ ఉంటాయి. అమెరికా పోయే విమానం ఏటికి ఎదురీదినట్టు పోవాలి, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. మీ టికెట్‌లోనే చూడండి, దుబాయ్ నుంచి డాలస్‌కి 16 గంటల 15 నిమిషాలు, డాలస్ నుంచి దుబాయ్‌కి 14:30. దూరం అంతే, విమానమూ అట్లాంటిదే. రామగిరి కొండల మీద గాలిమరలు చూసి పెరిగినవాళ్లం, ఎదురుగాలికి సైకిల్ తొక్కితే ఎంత ఆలస్యమో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. టికెట్‌లో వేసే టైమ్ గాల్లో ఉన్న టైమ్ మాత్రమే కాదు. విమానం గేటు దగ్గర కదిలింది మొదలు అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, వరుసలో నిలబడటం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనే. అందుకే 900 తో భాగిస్తే లెక్క కుదరదు. దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 12,920 కి.మీ. 16 గంటల 15 నిమిషాలతో భాగించి చూడండి, గంటకు 800 కూడా రాదు. పడమటికి పోయే దూరప్రయాణాలకు నేను 800 తోనే లెక్క వేస్తాను. తిరుగు దోవకు 880, 890 దాకా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీరు చూసిన 14,800 సంగతి. ఆ అంకె తప్పు కాదు, బెంగుళూరు విమానాశ్రయం నుంచి డాలస్‌కి నేరుగా గీత గీస్తే దాదాపు 14,860 కి.మీ. కానీ ఆ గీత మీద నేరుగా పోయే విమానం లేదు. ప్రపంచంలోకెల్లా పొడవైన విమాన ప్రయాణమని చెప్పుకునే సింగపూర్-న్యూయార్క్ కూడా 15,300 కి.మీ చిల్లరే. అంత దూరం ఒక్క బిగిన పోవాలంటే వంద టన్నులకు పైగా ఇంధనం మోయాలి, ఆ ఇంధనాన్ని మోయడానికే ఇంకొంత ఇంధనం కావాలి. అందుకని చాలామందికి నడిమధ్యలో ఒకచోట దిగి మారడం తప్పదు.

మధ్యలో దిగితే చుట్టు తిరిగినట్టే కదా, వేల కి.మీ పెరుగుతుందేమో అని అందరికీ అనుమానం. నా షాపులో బల్ల మీద బడిపిల్లలు వాడే చిన్న గ్లోబు ఒకటి, దాని పక్కన తెల్ల దారపు ఉండ ఒకటి ఎప్పుడూ ఉంటాయి. గోడ మీది పటం చూస్తే డాలస్‌కి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోవాలనిపిస్తుంది. గ్లోబు మీద బెంగుళూరు దగ్గర ఒక కొస, డాలస్ దగ్గర ఇంకో కొస పట్టుకుని బిగించి లాగితే దారం పడమరకు పోదు, నేరుగా పైకి పోతుంది. మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఆరు డిగ్రీల దూరంలో మంచు సముద్రం మీదుగా కెనడాలోకి దిగుతుంది. మొదటిసారి చూసినవాళ్లు దారం జారిందేమో అనుకుని మళ్లీ సర్ది చూస్తారు, మళ్లీ అక్కడికే పోతుంది. భూమి గుండ్రం కాబట్టి అదే దగ్గరి దోవ. దుబాయ్ నుంచి లాగినా ఇంతే. ఇరాన్, కాస్పియన్ సముద్రం, రష్యా పడమటి భాగం, నార్వే వైపు ఎక్కి, ఐస్‌లాండ్‌కీ గ్రీన్‌లాండ్‌కీ మధ్య నుంచి కెనడాకు వాలుతుంది. విమానం రోజూ ఆ దారం మీదే పోదు. గాలిని బట్టి, ఏ దేశం ఆకాశం తెరిచి ఉందో చూసుకుని అటూ ఇటూ జరుగుతుంది. అయినా మొత్తం వాలు అదే.

ఇప్పుడు కూడండి. బెంగుళూరు-దుబాయ్ దాదాపు 2,700 కి.మీ, అక్కడి నుంచి 12,920. మొత్తం 15,620. నేరు గీతకంటే పెరిగింది 760 కి.మీ, అంటే దాదాపు గంట. దుబాయ్‌లో దిగడం వల్ల పోయేది దూరం కాదు, మూడు గంటల ఎదురుచూపు. ఆ మూడు గంటలు కూడా వయసు మళ్లినవాళ్లకు అవసరమని నా అభిప్రాయం. కాళ్లు చాపుకోవచ్చు, మొహం కడుక్కోవచ్చు, నాలుగు అడుగులు నడవొచ్చు.

హైదరాబాద్ మాట. ఆకాశంలో చూస్తే దగ్గరే. శంషాబాద్-దుబాయ్ దాదాపు 2,550 కి.మీ, అంటే బెంగుళూరుకంటే 150 కి.మీ తక్కువ. విమానానికి అది పది పన్నెండు నిమిషాల పని. నేల మీద చూడండి. మన 44వ జాతీయ రహదారి మీద ఆ వైపు శంషాబాద్, ఈ వైపు బెంగుళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి. రెండు విమానాశ్రయాలూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. అనంతపురం నుంచి దేవనహళ్లికి దాదాపు 180 కి.మీ. బెంగుళూరు ఊళ్లోకి పోవాల్సిన పని లేదు, విమానాశ్రయం ఊరికి మన వైపే ఉంది. శంషాబాద్‌కి 340 దాకా ఉంటుంది. పైన పది నిమిషాలు మిగుల్చుకోవడానికి కింద రెండున్నర గంటలు కార్లో కూర్చోబెడతారా? కర్నూలువాళ్లకు శంషాబాదే దగ్గర, అనంతపురంవాళ్లకు దేవనహళ్లి, ఇందులో ఆలోచించడానికేం లేదు. కడపవాళ్లకు మాత్రం బెంగుళూరు, చెన్నై రెండూ ఇంచుమించు ఒకే దూరం కాబట్టి టికెట్ ధర, మారే చోటు చూసుకుని తేల్చుకోవాలి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ పోయేవాళ్లు నన్ను అడిగినా ఇదే చెప్తాను. బెంగుళూరు నుంచి కువైట్ 3,540 కి.మీ, చెన్నై నుంచి 3,780. ఆ తేడా చూసి విమానాశ్రయం ఎంచుకోవద్దు, రాత్రిపూట రోడ్డు మీద ఎన్ని గంటలో చూడండి.

మనకు దగ్గర్లో కర్నూలు పక్కన ఓర్వకల్లులో, కడపలో విమానాశ్రయాలు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. ఓర్వకల్లు 2021 మార్చిలో మొదలైంది, కడప 2015లో. అక్కడి నుంచి నడిచేవి దేశంలోపల తిరిగే చిన్న విమానాలు. దాన్నీ అమెరికా టికెట్‌నీ విడివిడిగా కొని కలుపుకోవడం పెద్దవాళ్ల విషయంలో నేను ఒప్పుకోను. ఒకటి ఆలస్యమైతే రెండోది ఆగదు.

అసలు సంగతికి వస్తాను. ఏడెనిమిదేళ్ల కిందట ధర్మవరం నుంచి ఒక పెద్దమ్మ కొడుకుతో పాటు షాపుకొచ్చింది. నేను కి.మీలు, దుబాయ్ టైమ్, డాలస్ టైమ్ అంటూ ఆయనకు చెప్తా ఉంటే ఆమె అంతా విని, "దూరం సంగతి నాకెందుకు నాయనా, ఎన్ని పూటలు కూసోవాల, యాడ పండుకోవాల, అది చెప్పు" అంది. ఆరోజు నుంచి నేను పెద్దవాళ్లకు పూటల్లోనే చెప్తున్నాను. మీ అమ్మ లెక్క చెప్తాను.

4:15 విమానానికి పన్నెండుంబావుకల్లా బెంగుళూరు టెర్మినల్ 2 దగ్గర ఉండాలి. అంతర్జాతీయ విమానాలన్నీ 2023 సెప్టెంబర్ నుంచి అక్కడే. రోడ్డు మూడు గంటలు, మరూరు, బాగేపల్లి టోల్‌గేట్లు, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీ, కాసేపు కాళ్లు చాపుకోవడం కలిపి మూడు ముప్పావు పెట్టుకోండి. ఇంట్లో ఎనిమిదిన్నరకు కారెక్కాలి. ఒక రాత్రి కారు, విమానాశ్రయం, మొదటి విమానంలో పోతుంది, కన్ను మూసేది గంటో రెండు గంటలో. రెండో విమానం మన టైమ్ ప్రకారం పొద్దున 11:15 నుంచి మర్నాడు తెల్లవారుజాము దాకా. డాలస్‌లో ఇమ్మిగ్రేషన్, సామాను, బయటికొచ్చి కూతురి ఇంటికి చేరేసరికి అక్కడ రాత్రి 7 అనుకోండి. మన టైమ్ 11వ తేదీ ఉదయం ఐదున్నర. గడప నుంచి గడపకి 33 గంటలు. ఫోన్ చెప్పిన పదహారున్నరకు రెట్టింపు. అమ్మను సిద్ధం చేయాల్సింది ఈ 33 గంటలకి.

ఇందులో ఒక విచిత్రం ఉంది, ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు కంగారుపడతారు. దుబాయ్‌లో దిగేసరికే తెల్లవారి ఉంటుంది. అక్కడి నుంచి విమానం సూర్యుడి వెంటే పడమరకు పోతుంది, పైగా జూన్‌లో అంత ఉత్తరాన సూర్యుడు అస్తమించడు. డాలస్‌లో దిగాక కూడా రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురే. అంటే ఆమెకు మధ్యలో రాత్రనేదే రాదు. విమానంలో కిటికీలు మూసేసి దీపాలు ఆర్పి రాత్రి అనిపిస్తారు, కిటికీ తెర కాస్త తీస్తే కింద మంచు మీద ఎండ. దీనివల్ల చిక్కు మాత్రల దగ్గర వస్తుంది. బీపీకో షుగర్‌కో పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకునే మనిషి ఎండ చూసి వేసుకుంటే లెక్క తప్పుతుంది. చేతికి ఒక గడియారం పెట్టి దాన్ని మన టైమ్ మీదే ఉంచమనండి, డాలస్ చేరేదాకా తిప్పొద్దనండి. మాత్రలు ఆ గడియారం ప్రకారం. అక్కడికి చేరాక ఎట్లా మార్చుకోవాలో, ఇన్సులిన్ వాడుతుంటే ప్రయాణంలో ఎంత తీసుకోవాలో మీ డాక్టరును బయల్దేరే ముందే అడిగి తెలుగులో రాయించి పెట్టండి. మాత్రలన్నీ చేతి సంచిలోనే, పెద్ద సూట్‌కేసులో కాదు.

పదహారు గంటల కూర్చోబడి తక్కువ కాదు. కాళ్లు వాస్తాయి, చెప్పులు బిగుతవుతాయి. గంటన్నరకో రెండు గంటలకో లేచి నడవాలి. అందుకని నడవ పక్క సీటు ముందే తీసుకోండి, కిటికీ సీటు వద్దు. బాత్‌రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే అమ్మలు చాలామంది, అది అన్నిటికంటే చెడ్డ అలవాటు. మీరు గట్టిగా చెప్పండి. ఎప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే డాక్టరును కలవకుండా పంపొద్దు.

వీల్‌చెయిర్ అడగండి. నడవగలదు కదా, ఎందుకు అనొద్దు. దుబాయ్ విమానాశ్రయంలో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి చాలా దూరం నడవాలి, బోర్డులు ఇంగ్లీషులో, అరబిక్‌లో ఉంటాయి. వీల్‌చెయిర్ తోసే మనిషి దగ్గరుండి రెండో విమానం గేటు దాకా దిగబెడతాడు, డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ దగ్గరా అట్లాంటి మనిషే ఇంకొకరు వెంట ఉంటారు. మోకాళ్లు నొప్పులున్న 64 ఏళ్ల మనిషికి అది న్యాయంగా రావాల్సిన సాయం. టికెట్ చేసేటప్పుడే చెప్పాలి, కనీసం 48 గంటల ముందు.

మీ టికెట్ మొత్తం ఒకే బుకింగ్‌లో ఉంది, మూడు గంటల వ్యవధి ఉంది, మారేది ఒక్కచోటే. ఈ మూడూ మంచివే, నలభై యాభై వేలు తగ్గుతుందని ఎవరు చెప్పినా మార్చకండి. రెండు చోట్ల మారే టికెట్‌లో తరచూ రెండోది అమెరికాలోనే ఇంకో ఊరు అవుతుంది. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పజెప్పాలి. భాష రాని మనిషి ఒక్కతే ఆ పని చేయలేదు. మీకైతే బెంగుళూరులో వేసిన సామాను డాలస్‌లోనే చేతికొస్తుంది. ఒకే బుకింగ్ ఎందుకు ముఖ్యమంటే, 2025 జూన్ 23 రాత్రి ఉన్నట్టుండి దోహా ఆకాశం మూసేశారు, విమానాలు దారి మళ్లాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన దేశపు విమానాలకు మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా పోయే కొన్ని విమానాలు దోవలో ఇంధనానికి వియన్నాలో దిగాల్సి వచ్చింది. అట్లాంటి రోజున ఒకే బుకింగ్ ఉన్నవాళ్లను తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. విడి టికెట్లవాళ్లు మళ్లీ కొనుక్కోవాల్సిందే.

చివరిగా తేదీ. ఇది నా అనుభవంలో అన్నిటికంటే బాధపెట్టిన విషయం. నేను ఈ పనిలోకొచ్చిన రెండో ఏడు, ఒక దంపతులకు పదో తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు, అంటే తొమ్మిదో తేదీ అర్ధరాత్రి దాటాక, విమానం. వాళ్లు పదో తేదీ పగలంతా బంధువులతో గడిపి, ఆ రాత్రి భోంచేసి బయల్దేరారు. విమానాశ్రయం చేరేసరికి వాళ్ల విమానం పోయి దాదాపు ఒక రోజు అయింది. టికెట్‌లో తప్పేం లేదు, తేదీ సరిగ్గానే ఉంది. నేను నోటితో చెప్పి వదిలేశాను, రాసివ్వలేదు. కూతురి పురిటికని పోతున్న ఆ తల్లి నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది. అప్పటి నుంచి ప్రతి టికెట్ కాగితం మీదా ఎర్ర పెన్నుతో ఇంట్లో బయల్దేరాల్సిన తేదీ, వారం, టైమ్ రాసి, వాళ్ల చేతే చదివిస్తాను. మీరు కూడా రాయండి: జూన్ 9 రాత్రి ఎనిమిదిన్నరకు కారు. పదో తేదీ అని ఇంట్లో ఎవరూ అనొద్దు.

తిరుగు ప్రయాణానికి మీరు పోవాల్సిందీ అట్లే. నవంబర్ 22 తెల్లవారుజామున 3:45కి దిగుతుంది, ఇమ్మిగ్రేషన్, సామాను అయి బయటికి రావడానికి గంట పడుతుంది. 21వ తేదీ రాత్రి అన్నం తిని, పన్నెండున్నరకు మీరు అనంతపురంలో బయల్దేరితే నాలుగింటికల్లా అక్కడ ఉంటారు. చలికాలం కాబట్టి తెల్లవారుజామున పెనుకొండ, చిక్కబళ్లాపురం వైపు మంచు పడుతుంది, డ్రైవరును తొందరపెట్టకండి. అమ్మకు ఒక శాలువా తీసుకెళ్లండి.